వరిలో జీన్ ఎడిటింగ్: గురి తప్పకుండా, పని పండేలా

ల్యాబ్‌లో కొత్తగా చేరిన పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే, డీఎన్ఏని కోసే క్యాస్9 ఎంజైమ్ గురించి. "అక్కా, ఏ క్యాస్9 మంచిది?" ఫ్రీజర్‌లో ఏది ఉంటే అదే వాడు, ముందు నీ వంగడం సీక్వెన్స్ చదివావా లేదా అది చెప్పు, అంటాను. వాళ్లకి వెటకారంలా వినిపిస్తుంది గానీ వెటకారం కాదు. ఎడిటింగ్ పాడైన సందర్భాల్లో ఎంజైమ్ తప్పు ఉన్నవి నేను చూసినంతలో చాలా తక్కువ. గైడ్ (క్యాస్9ని కోయాల్సిన చోటికి తీసుకెళ్లే చిన్న ఆర్ఎన్ఏ) ఎంచుకోవడంలో తొందర, కాలస్ (మొక్కగా పెంచగలిగే కణాల ముద్ద) మీద అశ్రద్ధ, వచ్చిన ఫలితాన్ని మనకి నచ్చినట్టు చదువుకోవడం, ఎక్కువగా కొంప ముంచేవి ఈ మూడే. అందుకే ఈ వ్యాసంలో కొత్త ఎంజైముల గురించి తక్కువా, ఈ బోరు పనుల గురించి ఎక్కువా ఉంటుంది.

ఉదాహరణగా వరినే తీసుకుంటున్నాను, మన దగ్గర ఈ పని గట్టిగా జరుగుతున్న పంట అదే కాబట్టి. 2025 మే 4న కేంద్రం రెండు ఎడిటెడ్ వరి రకాలను ప్రకటించింది. ఒకటి రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ చేసిన డీఆర్ఆర్ ధాన్ 100, అంటే కమల. అది మన బాపట్ల సాంబ మసూరి, బీపీటీ 5204 నుంచి వచ్చింది. రెండోది ఢిల్లీ పూసా వాళ్ల డీఎస్టీ రైస్ 1, దాని మూలం మారుటేరు ఎంటీయూ 1010, రైతులు కాటన్‌దొర సన్నాలు అని పిలిచేది. రెండింటి తల్లి రకాలూ ఆంధ్రావే.

ముందు రెండు మాటలు విడదీసుకుందాం, ఎందుకంటే మీటింగుల్లో వీటిని కలిపేసి మాట్లాడతారు. నలభై స్వతంత్ర మొక్కలు వస్తే వాటిలో ఇరవై ఎనిమిదింట్లో టార్గెట్ దగ్గర మార్పు కనబడిందనుకోండి, సామర్థ్యం 70 శాతం. కచ్చితత్వం వేరే సంగతి, అందులో మళ్లీ రెండు ప్రశ్నలున్నాయి: కోరిన చోటే కోసిందా, కోసిన చోట కోరిన మార్పే వచ్చిందా? 70 శాతం వచ్చి, అందులో సగం మూడక్షరాలు పోయి ప్రోటీన్ పనిచేస్తూనే ఉన్నవైతే, మీ పనికి ఆ 70 అంకె ఎందుకూ కొరగాదు.

మొదటి మెట్టు: అసలు ఏ మార్పు కావాలి?

జీన్‌ని పడగొట్టడమే లక్ష్యమైతే మామూలు క్యాస్9 చాలు. కమలలో జరిగింది అలాంటిదే. సీకేఎక్స్2 అనే జీన్ తయారుచేసే ఎంజైమ్ సైటోకైనిన్ హార్మోన్‌ని విరగ్గొడుతుంది. దాని జోరు తగ్గితే కంకిలో సైటోకైనిన్ మిగిలి గింజల సంఖ్య పెరుగుతుంది. ఒకే ఒక్క అక్షరం మార్చాలంటే బేస్ ఎడిటర్, చిన్న ముక్క చేర్చాలన్నా, మీరు రాసిచ్చిన సీక్వెన్సే అక్కడ రావాలన్నా ప్రైమ్ ఎడిటింగ్. ఈ వరసలో కిందికి పోయేకొద్దీ సాధారణంగా సామర్థ్యం పడిపోతుంది, తిప్పలు పెరుగుతాయి. నాకౌట్‌తో, అంటే జీన్‌ని పడగొట్టడంతో, అయ్యే పనికి ప్రైమ్ ఎడిటర్ ఎత్తుకున్నవాళ్లని చూశాను, పేపర్‌లో బాగుంటుందని. ఏడాది పోయింది.

రెండో మెట్టు: మీ గింజ సీక్వెన్స్ మీరే చదవండి

ఇది దాటేసి నేను మూడు నెలలు పోగొట్టుకున్నాను, అందుకే కాస్త ఆగి చెబుతాను. డేటాబేస్‌లో మనం అందరం వాడే వరి రిఫరెన్స్ జీనోమ్ (పోల్చుకోవడానికి వాడే పూర్తి డీఎన్ఏ సీక్వెన్స్) 2005లో వచ్చిన నిప్పన్‌బరేది. అది జపోనికా రకం, మన సాంబ మసూరి ఇండికా. రెండూ వరే గానీ అక్షరం అక్షరం ఒకటి కాదు. నేను ఒక గైడ్‌ని రిఫరెన్స్ చూసి డిజైన్ చేసి, క్లోన్ చేసి, కాలస్‌లోకి పంపి, యాభైకి పైగా మొక్కలు తీసి, ఒక్కదాంట్లోనూ మార్పు లేక తల పట్టుకున్నాను. జీన్‌ని మొక్కలోకి మోసే ఆగ్రోబ్యాక్టీరియాని తిట్టాను, జీన్ అందని కణాల్ని చంపే హైగ్రోమైసిన్‌ని తిట్టాను. చివరికి ఎడిట్ కాని మొక్క సీక్వెన్స్‌నే నిదానంగా చూస్తే, గైడ్ పక్కన ఉండాల్సిన రెండు జి అక్షరాల్లో ఒకటి మా వంగడంలో ఎ! క్యాస్9కి పట్టు దొరికేది అక్కడే, ఆ ఎన్‌జీజీ (ఏదో ఒక అక్షరం, తర్వాత రెండు జి) లేకపోతే అది డీఎన్ఏని విప్పి కూడా చూడదు.

కాబట్టి చేయాల్సింది: కాలస్ పెట్టబోయే బస్తాలోంచే నాలుగైదు గింజలు మొలకెత్తించి, ఆకు డీఎన్ఏ తీసి, టార్గెట్‌కి రెండు పక్కలా కలిపి ఓ 700 అక్షరాల ముక్కని పీసీఆర్‌తో కాపీలు తీసి, రెండు వైపుల నుంచీ సాంగర్ సీక్వెన్సింగ్‌కి పంపండి. ఖర్చు తక్కువ, రెండు మూడు రోజుల పని. అదే రకం కదా అని పక్క ల్యాబ్ గింజల సీక్వెన్స్ వాడుకోకండి, విత్తనం చేతులు మారేటప్పుడు కల్తీ అవ్వడం వరి వాళ్లకి కొత్తేమీ కాదు.

మూడో మెట్టు: గైడ్ ఎంపిక

గైడ్ 20 అక్షరాలు, దాని వెంటనే పామ్, అంటే ఎన్‌జీజీ. క్యాస్9 కోత పడేది పామ్‌కి మూడు అక్షరాల ముందు. ఇంతవరకు అందరికీ తెలుసు. నేను ఎంచేటప్పుడు చూసేవి ఇవి.

జి, సి అక్షరాలు కలిపి సగానికి అటూ ఇటూ ఉండాలి. వరసగా నాలుగు టి ఉంటే ఆ గైడ్ వదిలేయండి, గైడ్‌ని తయారుచేసే పాల్-3 ఎంజైమ్ అక్కడితో పని అయిపోయిందనుకుని ఆగిపోతుంది. వరి యూ3 ప్రమోటర్ (జీన్‌ని ఆన్ చేసే ముక్క) ఎ తోనూ, యూ6 ప్రమోటర్ జి తోనూ మొదలవ్వాలంటాయి, దాన్ని బట్టి గైడ్‌ని ఎంచుకోండి, లేదా గైడ్‌ని టీఆర్ఎన్ఏ (కణంలో మామూలుగా ఉండే చిన్న ఆర్ఎన్ఏ) పక్కన పెట్టండి, అప్పుడు కణమే ఆ టీఆర్ఎన్ఏని కత్తిరించేసి గైడ్‌ని శుభ్రంగా వదులుతుంది. వరిలో 2015లోనే చూపించిన పద్ధతి ఇది, ఒకేసారి నాలుగైదు గైడ్లు పెట్టాలన్నా హాయిగా ఉంటుంది.

జీన్‌లో ఎక్కడ కోయాలి? మరీ ఆరంభంలో కోస్తే, తర్వాత ఇంకో ఏటీజీ (ప్రోటీన్ మొదలయ్యే గుర్తు) ఉంటే కణం అక్కడి నుంచి మళ్లీ మొదలెట్టేయగలదు. మరీ చివర కోస్తే ప్రోటీన్ తోక తెగినా పనిచేస్తూనే ఉండొచ్చు. ముఖ్యమైన డొమైన్ మొదలయ్యే చోటో, దానికి కాస్త ముందో నయం.

ఇంకో చిట్కా, దీన్ని చాలామంది పట్టించుకోరు. కోత అతుక్కునేటప్పుడు తరచుగా ఒక అక్షరం అదనంగా చేరుతుంది, ఆ చేరేది చాలాసార్లు పామ్ వైపు నుంచి లెక్కపెడితే నాలుగోదే, అదే రెండోసారి పడుతుంది. అంటే ఏ మార్పు ఎక్కువగా రావచ్చో ముందే ఒక అంచనా వేసుకోవచ్చు. ఒక అక్షరం చేరితే ఫ్రేమ్ (మూడేసి అక్షరాలుగా చదివే వరస) తప్పుతుంది, మనకి కావల్సింది అదే. కోతకి అటూ ఇటూ చిన్న రిపీట్ సీక్వెన్సులు ఉండి, వాటి మధ్య దూరం మూడు, ఆరు, తొమ్మిది అయితే ఆ గైడ్‌ని అనుమానించండి, ఫ్రేమ్ తప్పని డిలీషన్లు (అక్షరాలు పోవడం) ఎక్కువ వచ్చే ప్రమాదం ఉంది.

ఇక గురి తప్పడం సంగతి. పామ్‌కి ఆనుకుని ఉన్న 10, 12 అక్షరాలు, సీడ్ అంటాం, అక్కడ తేడా ఉంటే క్యాస్9 ఎక్కువగా వదిలేస్తుంది. దూరపు చివర తేడాలు మాత్రం చూసీచూడనట్టు పోతుంది. క్రిస్పర్-పి, క్రిస్పార్, క్యాస్-ఆఫ్‌ఫైండర్ లాంటి టూల్స్‌లో వేసి చూసేటప్పుడు మొత్తం స్కోరు ఒక్కటే చూసి సంబరపడకండి, జాబితా తెరవండి. రెండు తేడాల లోపే ఉన్న చోటు ఇంకోటి ఉందా? ఉంటే ఆ తేడాలు సీడ్‌లో ఉన్నాయా, బయటా? అది ఏ జీన్? మన సీకేఎక్స్2నే చూడండి, వరిలో సీకేఎక్స్ కుటుంబంలో 11 మంది ఉన్నారు. అన్నీ ఒకదాని కింద ఒకటి పేర్చి, వాటిలో ఒకే పోలిక ఉన్న భాగం వదిలేసి, సీకేఎక్స్2కి మాత్రమే సొంతమైన భాగంలో గైడ్ వెతుక్కోవాలి. అన్నదమ్ములందరికీ ఒకే చొక్కా సరిపోయే చోట కొలతలు తీసుకుంటే ఏం లాభం?

ఇలా వడబోసి మూడో నాలుగో గైడ్లు ఉంచుకోండి. ఒక్కటే ఉంచుకుంటే పందెం కాసినట్టే.

నాలుగో మెట్టు: ప్రోటోప్లాస్ట్‌లో రిహార్సల్

టూల్ ఇచ్చే సామర్థ్యం స్కోర్లు ఎక్కువగా జంతు కణాల డేటాతో తయారైనవి, వరిలో వాటిని గుడ్డిగా నమ్మడానికి లేదు. అందుకే గోడ ఒలిచేసిన కణాల్లో, అంటే ప్రోటోప్లాస్ట్‌లలో, ముందు పరీక్ష. చీకట్లో పెంచిన 10 నుంచి 14 రోజుల పాలిపోయిన మొలకల కాండాల్ని కొత్త బ్లేడుతో వీలైనంత సన్నగా, అర మిల్లీమీటరుకి తరగండి. బ్లేడు మొద్దుబారితే కణాలు కోసుకోవు, నలుగుతాయి. పది పన్నెండు కోతలకి బ్లేడు మార్చేయండి, ఇక్కడ పిసినారితనం పనికిరాదు. మానిటాల్ ఉన్న ద్రావణంలో కణ గోడని కరిగించే సెల్యులేజ్, మాసిరోజైమ్ కలిపి నాలుగైదు గంటలు చీకట్లో నెమ్మదిగా ఊపండి. తర్వాత 40 శాతం పెగ్ (పాలీఇథిలీన్ గ్లైకాల్)తో ప్లాస్మిడ్ (క్యాస్9, గైడ్ ఉన్న గుండ్రని డీఎన్ఏ) పంపి, 48 గంటలకి డీఎన్ఏ తీయండి.

పక్కన జీఎఫ్‌పీ (పచ్చగా వెలిగే ప్రోటీన్) ప్లాస్మిడ్ కంట్రోల్ పెట్టడం మర్చిపోవద్దు. గైడ్ ఎడిటింగ్ 10 శాతం వచ్చింది, పచ్చగా వెలిగిన కణాలు 50 శాతం అనుకోండి, అంటే ప్లాస్మిడ్ అందిన కణాల్లో సుమారు 20 శాతం. అదే 10 శాతం, వెలిగినవి 15 శాతమే అయితే ఆ గైడ్ అద్భుతం. జీఎఫ్‌పీ లేకుండా సోమవారం గైడ్‌నీ గురువారం గైడ్‌నీ పోల్చడం అంటే వేర్వేరు తూకం రాళ్లతో బేరం ఆడటమే. మూడు గైడ్లనీ ఒకే రోజు, ఒకే కణాల బ్యాచ్‌లో, మూడేసి సార్లు పెట్టండి.

ఐదో మెట్టు: కన్‌స్ట్రక్ట్

కన్‌స్ట్రక్ట్ అంటే క్యాస్9నీ గైడ్‌నీ కలిపి కట్టిన డీఎన్ఏ. దీని మీద ఎక్కువ చెప్పను. వరి కోడాన్లకి అనుగుణంగా రాసిన క్యాస్9, మొక్కజొన్న యుబిక్విటిన్ ప్రమోటర్, రెండు చివర్లా న్యూక్లియస్‌లోకి తీసుకెళ్లే సిగ్నల్, ఇది చాలా ల్యాబ్‌ల్లో నిలబడిన కలయిక. ఒక్క జాగ్రత్త: టీఆర్ఎన్ఏ వరసల్లో ఒకే సీక్వెన్స్ పదేపదే వస్తుంది కాబట్టి బ్యాక్టీరియా దాన్ని మధ్యలో మింగేసే అవకాశం ఉంది. ఈ.కోలైలో సరిగ్గా ఉందని ఊరుకోకుండా ఆగ్రోబ్యాక్టీరియాలోకి వెళ్లాక కూడా పీసీఆర్ చేసి పొడవు చూసుకోండి.

హై-ఫిడిలిటీ (గురి తప్పడం తగ్గించిన) క్యాస్9లు, అంటే హెచ్ఎఫ్1, ఈ-ఎస్పీక్యాస్9 లాంటివి, ఎప్పుడు? మూడో మెట్టులో ఎంత వెతికినా దగ్గరి పోలిక ఉన్న చోటు తప్పించుకోలేని గైడ్ అయితేనే. అవి గైడ్ మొదట్లో ఒక్క అదనపు జి ఉన్నా అలుగుతాయి, సామర్థ్యం దబ్బున పడిపోతుంది. అలాంటప్పుడు టీఆర్ఎన్ఏ పద్ధతి తప్పనిసరి అనుకోండి. టి అక్షరాల మయంగా ఉన్న ప్రాంతమైతే క్యాస్12ఏ అనే ఇంకో కోత ఎంజైమ్ చూడండి, కానీ దానికి కాస్త వెచ్చదనం కావాలి, చల్లని గదిలో మొండికేస్తుంది.

ఒక్క అక్షరమే మార్చేవాళ్లకి

బేస్ ఎడిటర్ కిటికీ, అంటే అది అక్షరం మార్చగలిగే చోటు, సుమారుగా గైడ్‌లో 4 నుంచి 8 స్థానాల మధ్య, పామ్ లేని చివర నుంచి లెక్కపెడితే. ఆ కిటికీలో మీకు కావలసిన సి ఒక్కటే ఉంటే అదృష్టం. రెండు మూడు ఉంటే పక్కవి కూడా మారిపోతాయి. గైడ్‌ని ఒకటి రెండు అక్షరాలు అటూ ఇటూ జరిపి అనవసరమైన సి ని కిటికీ బయటికి తోసేయండి, లేదా పక్క మార్పు ప్రోటీన్‌లో తేడా తేనిదో కాదో కోడాన్ పట్టీ ముందు పెట్టుకుని చూడండి. 2019లో వరి మొక్కల మొత్తం జీనోమ్ చదివి చూస్తే, సి ని టి చేసే బీఈ3 రకం ఎడిటర్లు గైడ్‌తో సంబంధం లేని చోట్ల కూడా మార్పులు పెంచుతున్నాయని తేలింది. ఎ ని జి చేసేవాటిలో అది కనబడలేదు. కాబట్టి ఎ వైపు నుంచి అదే పని సాధ్యమైతే నేను అటే వెళ్తాను.

ప్రైమ్ ఎడిటింగ్ చేసేవాళ్లు వరిలో ప్రైమర్ అతుకు భాగాన్ని పొడవుని బట్టి కాకుండా కరిగే ఉష్ణోగ్రతని బట్టి ఎంచుకోండి, 30 డిగ్రీల దగ్గర బాగా పనిచేస్తుందని 2021లో చూపించారు. ఒకే మార్పుని రెండు పోగుల మీదా రాసేలా రెండు పెగ్-గైడ్లు (కొత్త సీక్వెన్స్ కూడా మోసే గైడ్లు) పెడితే సామర్థ్యం ఇంకా పెరుగుతుంది.

ఆరో మెట్టు: కాలస్, అసలు ఆట ఇక్కడే

ఇండికా రకాలు కల్చర్‌లో పేచీ పెడతాయి. ఊక ఒలిచిన ముదురు గింజల్ని శుభ్రం చేసి, లీటరుకి 2 నుంచి 2.5 మిల్లీగ్రాముల 2,4-డి హార్మోన్ ఉన్న మీడియంలో చీకట్లో మూడు వారాలు పెట్టాక ప్లేటు తెరిచి చూస్తే రెండు రకాల ముద్దలు కనిపిస్తాయి. ఒకటి మెత్తగా, నీళ్లోడుతూ, ఫోర్సెప్స్ తగిలితే జారిపోయే తెల్లటి ముద్ద. ఇంకోటి మీగడ పసుపు రంగులో, పొడిగా, గసగసాలు గుప్పెడు అతికించినట్టు చిన్న చిన్న గుండ్రని రేణువులుగా, పట్టుకుంటే పుటుక్కున విడిపోయేది. మీకు కావల్సింది రెండోదే. మొదటిది ఎంత పెద్దగా పెరిగినా మొక్క ఇవ్వదు, ఆశపడి ఉంచుకోకండి, పారేయండి.

ఆగ్రోబ్యాక్టీరియాని రెచ్చగొట్టే అసిటోసిరింగోన్ 100 నుంచి 200 మైక్రోమోలార్, ఆగ్రో ద్రావణం మరీ చిక్కగా వద్దు, ముంచి తీశాక ఫిల్టర్ పేపర్ మీద నిజంగా ఆరనివ్వండి. తడి మిగిలితే మూడో రోజుకి ప్లేటంతా బ్యాక్టీరియా పెరుగులా తోడుకుంటుంది, ఇక ఎంత సెఫోటాక్సిమ్ యాంటీబయాటిక్ పోసినా దండగే.

హైగ్రోమైసిన్ సెలెక్షన్‌లో కాలస్ ఎక్కువ కాలం ఉంటే క్యాస్9కి పనిచేసే సమయం ఎక్కువ, కాబట్టి ఎడిటింగ్ శాతం పెరుగుతుంది. ఇది వరిలో చూపించిన సంగతే. కానీ కల్చర్‌లో ఎక్కువ రోజులు ఉంటే కల్చరే జీనోమ్‌లో అడ్డదిడ్డమైన మార్పులు తెస్తుంది, రీజనరేషన్ (కాలస్ నుంచి మొక్క రావడం) కూడా తగ్గుతుంది. నేనైతే ప్రోటోప్లాస్ట్‌లో బాగా పనిచేసిన గైడ్‌కి సెలెక్షన్ పొడిగించను. నీరసంగా ఉన్న గైడ్‌కి మాత్రం ఇంకో రెండు వారాలు ఇస్తాను, అదీ ఇండికా కాలస్ రంగు మారకుండా ఉంటేనే.

ప్రతి కాలస్ ముక్కకీ నంబరు వేసి చివరిదాకా మోయండి. ఒకే కాలస్ నుంచి వచ్చిన ఆరు మొక్కల్ని ఆరుగా లెక్కేసి సామర్థ్యం చెప్పడం మోసం కాకపోయినా లెక్క తప్పు, అవి చాలావరకు ఒకే సంఘటన పిల్లలు.

ఏడో మెట్టు: ఫలితం చదవడం

టీ0 (కాలస్ నుంచి నేరుగా వచ్చిన) మొక్కలో ఒక ఆకు చూసి తీర్పు చెప్పకండి. కనీసం రెండు పిలకల నుంచి ఆకు తీయండి, ఒక పిలకలో ఎడిట్ ఉండి ఇంకో దాంట్లో లేకపోతే అది కైమెరా (ఎడిట్ అయిన, కాని కణాల కలగలుపు), గింజకి ఏది వెళ్తుందో చెప్పలేం.

సాంగర్ క్రోమాటోగ్రామ్ (ఒక్కో అక్షరం ఒక్కో పీక్‌గా కనిపించే గ్రాఫ్) ఎలా చదవాలి? ఎడిట్ కాని మొక్కది పైన, మీదాన్ని కింద పెట్టండి. కోత చోటుదాకా పీక్స్ విడివిడిగా, నిటారుగా వస్తాయి. సరిగ్గా అక్కడి నుంచి ఒక్కో చోట రెండేసి పీక్స్ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటే రెండు కాపీల్లో తేడా ఉన్నట్టు. మార్పు కనిపిస్తూనే పీక్స్ మాత్రం ఒంటిగా, శుభ్రంగా ఉంటే హోమోజైగస్ (రెండు కాపీల్లోనూ ఒకే మార్పు) కావచ్చు. మూడు పొరలు కనబడితే కైమెరా అనుమానించండి. విడదీయడానికి ఐస్, టైడ్, డీఎస్‌డీకోడ్ లాంటివి ఉన్నాయి గానీ ముందు కంటితో చూడటం అలవాటు చేసుకోండి, చెత్త సీక్వెన్స్ ఇచ్చినా సాఫ్ట్‌వేర్ ఏదో ఒక అంకె ఉమ్మేస్తుంది.

శుభ్రమైన ఒంటి పీక్ చూసి మురిసిపోయే ముందు ఇంకో సంగతి. ఎలుక, మనిషి కణాల్లో క్యాస్9 కోత దగ్గర వేల అక్షరాల డిలీషన్లు రావచ్చని 2018లో బయటపడింది. ఒక కాపీలో మీ ప్రైమర్ (పీసీఆర్ మొదలెట్టే చిన్న డీఎన్ఏ ముక్క) కూర్చునే చోటే ఎగిరిపోతే పీసీఆర్‌కి ఆ కాపీ కనబడదు, మిగిలిన ఒక్కదాన్నే చూసి మీరు హోమోజైగస్ అనుకుంటారు. అందుకే నచ్చిన మొక్కలన్నింటికీ బయటి ప్రైమర్లతో రెండు మూడు వేల అక్షరాల పెద్ద పీసీఆర్ ఒకటి చేయండి, తర్వాతి తరంలో విభజన లెక్క కూడా సరిపోతుందో లేదో చూడండి.

ఎనిమిదో మెట్టు: క్యాస్9ని బయటికి పంపడం

ఎడిట్ మిగలాలి, ఎడిట్ చేసిన పనిముట్టు పోవాలి. 2022 మార్చి 30న కేంద్ర పర్యావరణ శాఖ ఎస్‌డీఎన్1, ఎస్‌డీఎన్2 రకాలను (బయటి జీన్ చేర్చకుండా ఉన్న జీన్‌నే చిన్నగా మార్చినవి) జీఎం నిబంధనల్లోని కొన్ని సెక్షన్ల నుంచి మినహాయించింది, కానీ ఆ మినహాయింపు బయటి డీఎన్ఏ లేని మొక్కకే.

లెక్క ఇది. టీ-డీఎన్ఏ (ఆగ్రోబ్యాక్టీరియా మొక్కలోకి దూర్చిన ముక్క) ఒకే చోట దూరి, టీ0లో రెండు కాపీలూ ఎడిట్ అయి ఉంటే, టీ1లో, అంటే తర్వాతి తరంలో, నాలుగింట ఒకటి క్యాస్9 లేకుండా దొరుకుతుంది. 16 మొక్కలు చూస్తే కనీసం ఒకటి దొరికే అవకాశం 99 శాతం. టీ0లో ఒక కాపీనే ఎడిట్ అయి ఉంటే, ఎడిట్ హోమోజైగస్‌గానూ క్యాస్9 లేకుండానూ కావాలంటే, ఆ రెండూ వేర్వేరు క్రోమోజోముల మీద ఉన్నాయనుకున్నా పదహారింట ఒకటే, 95 శాతం ధీమా కోసం 47 మొక్కలు కావాలి. ఇది తెలియక పది గింజలు నాటి మా లైన్‌లో రాలేదండీ అని దిగాలుగా వచ్చేవాళ్లు ఏటా ఒకరు ఉంటారు.

క్యాస్9 పీసీఆర్ ఒక్కటే చాలదు. హైగ్రోమైసిన్ జీన్‌కి, గైడ్ క్యాసెట్‌కి, వెక్టర్ బ్యాక్‌బోన్‌కి (ప్లాస్మిడ్‌లో మిగతా భాగానికి) కూడా ప్రైమర్లు పెట్టండి. పక్కనే యాక్టిన్ లాంటి వరి సొంత జీన్ కంట్రోల్ ఉండాలి, లేకపోతే బ్యాండ్ రాకపోవడం క్యాస్9 లేకపోవడమో డీఎన్ఏ చెడిపోవడమో మీకు తెలీదు.

గురి తప్పిన కోతల పరీక్ష ఇప్పుడు, ఈ శుభ్రమైన మొక్కల మీద చేయండి, టీ0 మీద డబ్బు తగలేయొద్దు. మూడో మెట్టులో దాచుకున్న జాబితాలోంచి పై పది చోట్లు పీసీఆర్ చేసి చదివితే ఎక్కువ సందర్భాల్లో సరిపోతుంది. మొత్తం జీనోమ్ చదివించే స్తోమత ఉంటే కంట్రోల్‌గా గింజ నుంచి పెరిగిన మొక్కతో పాటు, ఏ కన్‌స్ట్రక్టూ లేకుండా అదే కల్చర్ దాటి వచ్చిన మొక్కని కూడా పంపండి. 2018లో వరి మీద జరిగిన పెద్ద సీక్వెన్సింగ్ పనిలో కనబడ్డ మార్పుల్లో అత్యధికం కల్చర్‌వీ, సహజంగా వచ్చినవీనే, క్యాస్9 వాటా చాలా స్వల్పం. ఆ కంట్రోల్ లేకపోతే కల్చర్ చేసిన పాపమంతా మీ గైడ్ ఖాతాలో పడుతుంది. కల్చర్ మార్పుల్ని వదిలించుకోవాలంటే తల్లి రకంతో ఒకట్రెండు సార్లు వెనక్కి క్రాస్ చేయడమే మార్గం. సాంబ మసూరి అయితే ఒక్కో తరానికి ఐదు నెలల దాకా పడుతుంది, కాబట్టి క్రాస్ కోసం తల్లి గింజల్ని టీ1తో పాటే, రెండు మూడు దఫాలుగా వారం వారం తేడాతో నాటుకోండి, పూత కలవకపోతే సీజనంతా పోతుంది.

టీ2 గింజలు కోసిన రోజు కవరు మీద కాలస్ నంబరు, మొక్క నంబరు, పిలక, రెండు కాపీల్లో ఉన్న మార్పు, క్యాస్9 పీసీఆర్ చేసిన తేదీ పెన్సిల్‌తో రాయండి. పెన్‌తో వద్దు, కోల్డ్ రూమ్ తేమకి సిరా అలుక్కుపోయి ఏ కవరు ఏదో తెలియక కూర్చున్న అనుభవం ఉంది.